ఆరు మూలల గుమ్మటం

పరంజా కింద నుంచి,
వానలు మొదలైన వారం

వదినా,

గుమ్మటం పని నాకే ఇచ్చారు! ఈ ఉత్తరం అన్నయ్యకి కూడా చదివి వినిపించు. పొగడ్త వచ్చిన చోట మాత్రం గొంతు తగ్గించు, లేకపోతే లెక్కల మాస్టారు నేల మీద నడవడు.

గ్రంథాలయం వాళ్ళు కొత్తగా కట్టిన చదువుకునే హాలు ఇది. పైన సగం బంతి బోర్లించినట్టు పెద్ద గుమ్మటం. దాని లోపలి వైపంతా నేను పలకలు అతికించాలి. కింద కూర్చుని తలెత్తి చూస్తే తేనెపట్టు లోపల కూర్చున్నట్టు ఉండాలని అడిగారు. నువ్వు పెంచే తేనెటీగలని తలుచుకుని నేను సరే అన్నాను. అన్నయ్య పంపిన బొమ్మ చూపించగానే కమిటీ పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. "అన్నీ ఆరు మూలలవే కదమ్మా? ఒక్కటి కూడా తేడా ఉండదు కదా?" అని అడిగాడు. ఒక్కటి కూడా ఉండదని మాటిచ్చాను. ప్రారంభోత్సవం కార్డులో ఆ మాటే అచ్చేయిస్తాడట. 'ప్రకృతి గణితం, అన్నీ ఆరు మూలలే' అని. చలి మొదలయ్యేలోగా పని పూర్తి కావాలి.

ఇన్నేళ్ళూ నేను నేలలు పరిచాను, గోడలకి అతికించాను. గుమ్మటం ఎక్కడం ఇదే మొదలు. అయినా నాకు భయం లేదు. ఏ పని ఒప్పుకున్నా కొలతలు రాసి పంపడం నా వంతు, ఏ పలక ఎక్కడ కూర్చోవాలో గీసి పంపడం అన్నయ్య వంతు. ఇప్పటిదాకా వాడి బొమ్మలో వెంట్రుకవాసి తేడా రాలేదు. కళ్ళు మూసుకుని బట్టీ వెలిగించాను. పలకలన్నీ ఒకటే అచ్చు, ఒకటే కొలత, తేనెరంగు.

ఒక్కచోట మాత్రం మాస్టారి చెయ్యి జారింది. బొమ్మలో ఓ పక్కన ఐదు మూలల గది ఒకటి, దాన్ని ఆనుకుని ఏడు మూలల గది ఒకటి పడ్డాయి. నేనే దిద్దుకున్నాను. వాడి తప్పు నేను దిద్దే రోజు వస్తుందని కల్లో కూడా అనుకోలేదు. ఈ సంగతి మాత్రం గొంతు పెంచి చదువు.

ఈసారి వాడెందుకు ఒక్క ముక్క కూడా రాయలేదు? బొమ్మ ఒక్కటే పంపాడు. కనీసం "ఒసేయ్ కోతీ" అనైనా లేదు.

కుదురులేని నీ ఆడపడుచు


తోట వైపు గది,
వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం

కందిరీగా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాం. ఆడపడుచు అర్ధమొగుడంటారు. నువ్వు ఊళ్ళో లేకపోయినా నీ పెత్తనం మాత్రం పోస్టులో వచ్చి పడుతూనే ఉంది.

మీ అన్నయ్యకి మణికట్టు నొప్పి. అందుకే రాయలేదు. గుమ్మటం సంగతి విని సంతోషించారు. 'కోతి ఎంత ఎత్తు ఎక్కిందో చూడు' అన్నారు.

ఆ ఐదు మూలల గది దిద్దేశానన్నావు. అది తప్పని ఎందుకనుకున్నావు? ఈగలు ఒకే పట్టుని రెండు చోట్ల నుంచి మొదలుపెడతాయి. ఇటు గుంపు ఇటు నుంచి, అటు గుంపు అటు నుంచి కట్టుకుంటూ వస్తాయి. మధ్యలో కలుసుకున్నప్పుడు గదులు సరిగ్గా అమరవు. అప్పుడు ఒక ఐదు మూలలది, ఒక ఏడు మూలలది కట్టి సర్దుకుపోతాయి. కొత్త కోడలూ అత్తగారూ వంటింట్లో సర్దుకున్నట్టే అనుకో. సరే, దిద్దావుగా, పోనీలే.

ఈ వానకి పెట్టెల్లో ఈగలకి ఊపిరాడటం లేదు. మూడో పెట్టెలోవి ఇల్లు మారాలని చూస్తున్నాయి. గుమ్మం దగ్గర గడ్డం కట్టినట్టు వేలాడుతున్నాయి. అవి ఎప్పుడు లేచిపోతాయోనని చూస్తూ కూర్చుంటే నాకూ స్థిమితం ఉండటం లేదు. పరంజా మీద జాగ్రత్త.

వదిన


పరంజా మీద, నడుం విరిగే చోటు

వదినా,

కొంప మునిగింది.

గుమ్మటం నడినెత్తిన మొదటి పలక పెట్టాను. దాని చుట్టూ వరసలు పేర్చుకుంటూ కిందికి దిగుతున్నాను. మొదట బాగానే ఉంది. మూడు నాలుగు వరసలయ్యాక సందులు ఇరుకైపోయాయి. సర్లే అని సున్నం పలచగా రాశాను. ఇంకా కిందికొచ్చేసరికి పలక పట్టడమే లేదు. బస్సులో చివరి సీటుకి అందరూ ఎగబడ్డట్టు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. అంచులు అరగదీశాను. పక్క వరస పాడైంది. ఒక వైపంతా ఊడదీసి మళ్ళీ పెట్టాను. ఈసారి ఇంకో వైపు మొండికేసింది.

నా కొలతల్లో తేడా ఉందేమోనని తాడు పెట్టి గుమ్మటాన్ని మళ్ళీ కొలిచాను. కొలత సరిగ్గానే ఉంది. పలకలు వంకరపోయాయేమోనని బల్ల మీద పరిచి చూశాను. బల్ల మీద ముచ్చటగా కూర్చున్నాయి, సూది దూరదు. అవే పలకలు పైకెక్కగానే పగబడుతున్నాయి. అటు కమిటీ పెద్దాయన రోజూ వచ్చి కింద నుంచి మెడ ఎత్తి "అన్నీ ఆరు మూలలే కదా?" అని అడిగి పోతాడు. ఆ మాట విన్నప్పుడల్లా పలక కిందికి జారవిడవాలనిపిస్తోంది.

ఈ పని చెడితే ఇంకెవరూ నన్ను పిలవరు వదినా. కాల్చిన పలకలు కొనేవాడు ఉండడు. ఇది నా ఒక్కదాని వల్ల తేలేది కాదు. అన్నయ్య లెక్క చూడాలి. మణికట్టు నొప్పయితే నోటితో చెప్పమను, నువ్వు రాయి. కొలతలన్నీ మళ్ళీ పంపుతున్నాను. తిరుగు టపాలో జవాబు కావాలి.

కాలుగాలిన పిల్లి


తోట వైపు గది

కందిరీగా,

కంగారు పడకు. కొలతలు అందాయి. మీ అన్నయ్యకి చూపించాను. చూస్తున్నారు. కాస్త టైము పడుతుందన్నారు.

ఈలోగా ఇంకోసారి జాగ్రత్తగా పేర్చి చూడు. సందులు కొంచెం వదులుగా పెడితే ఏమవుతుంది? నాకు తెలిసి ఈగలు ఎంత ఇరుకులోనైనా సర్దుకుంటాయి.

మూడో పెట్టెలోవి లేచిపోయాయి. పక్కవాళ్ళ గోడ మీద వాలితే బుట్టలోకి దులిపి తెచ్చాను. మీ అన్నయ్య నడకకి వెళ్ళి ఇంకా రాలేదు. చూసి రావాలి. మిగతావి తర్వాత రాస్తాను.

వదిన


పలకల బట్టీ పక్క గది

వదినా,

'చూస్తున్నారు' అని రాసి ఎన్నాళ్ళయింది? నాకు తెలిసిన మా అన్నయ్య లెక్క చేతికొస్తే అన్నం ముందు పెట్టినా చూడడు. జవాబు దొరికేదాకా మనిషి మనిషిలా ఉండడు. దొరికాక మనల్ని మనుషుల్లా ఉండనివ్వడు.

మొదట నామీద కోపమనుకున్నాను. స్కూల్లో డ్రాయింగు టీచరు ఉద్యోగం చూపిస్తే కాదని బట్టీ పట్టుకున్నానని లోపల ఉండిపోయిందేమో, కావాలనే తప్పు బొమ్మ ఇచ్చాడేమో అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. వాడు నాతో పోట్లాడతాడు గానీ లెక్కతో ఆడుకోడు.

అప్పుడు ఆ బొమ్మ తీసి కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూశాను.

అన్నయ్య ఏ బొమ్మ గీసినా కంపాస్ లేకుండా గీయడు. ప్రతి గది నడిమధ్యా ముల్లు గుచ్చిన చిల్లు ఉంటుంది. వెలుతురుకి పట్టుకుంటే కాగితమంతా చుక్కలు కనబడతాయి. చిన్నప్పుడు ఆ చుక్కలు చూడటానికే వాడి కాగితాలు దొంగిలించేదాన్ని. ఈ కాగితంలో ఒక్క చిల్లు లేదు. గదుల గోడలు కూడా సమంగా లేవు, ఒకటి కాస్త లావు, ఒకటి సన్నం. మూలకి జిడ్డు మరక ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మైనం వాసన.

ఐదు మూలల గది తప్పు కాదని నాకు పాఠం చెప్పింది నువ్వు. అన్నయ్య కాదు.

ఈ బొమ్మ ఎవరు గీశారు వదినా? మీ ఇంట్లో ఏం జరుగుతోంది? నాకు పలకల సంగతి కూడా అక్కర్లేదు ఇప్పుడు. అన్నయ్యకి ఏమైంది?

దాచావంటే మాత్రం పరంజా దిగి నేరుగా వచ్చేస్తాను.


తోట వైపు గది,
ఆయన నిద్రపోతున్న మధ్యాహ్నం

కందిరీగా,

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇక దాచలేను. మణికట్టు నొప్పి అబద్ధం. మీ అన్నయ్య మతి జారిపోతోంది.

పోయిన ఎండాకాలంలో మొదలైంది. బోర్డు మీద లెక్క సగం చేసి, సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయారట. పిల్లలు మాస్టారు పరీక్షిస్తున్నారనుకుని తలా ఒక జవాబు చెప్పారట. గంట కొట్టినా ఆయన కదల్లేదు. తర్వాత ఇంకో రోజు స్కూలు నుంచి ఇంటికి దారి తెలియక పార్కులో కూర్చున్నారు. హెడ్మాస్టరు మంచివాడు, సెలవు పెట్టమని ఇంటికొచ్చి మెల్లగా చెప్పాడు. పెద్దాసుపత్రిలో చూపించాం. డాక్టరమ్మ తలకి స్కాన్ తీయించి చూసి, "ఇది తగ్గేది కాదమ్మా. నెమ్మదిగా ముదిరేలా చూసుకోవడమే" అంది.

బయటికొచ్చాక ఆయన నన్ను అడిగింది ఒకటే. "దానికి చెప్పకు. లెక్క చూసేవాడు లేడంటే అది పని ఒప్పుకోదు, భయపడుతుంది" అన్నారు. నాచేత ఒట్టు వేయించుకున్నారు.

తర్వాత నీ గుమ్మటం కొలతలు వచ్చాయి. ఎంత సంబరపడ్డారో! బల్ల తుడిపించుకున్నారు, పెన్సిలు చెక్కించుకున్నారు. కూర్చున్నారు. పొద్దున కూర్చున్నవారు సాయంత్రం దాకా ఒక గీత గీశారు. మర్నాడు అది చింపేశారు. మూడో రోజు కంపాస్ చేత్తో పట్టుకుని "ఇదేంటి?" అని అడిగారు. నేను వంటింట్లోకి వెళ్ళి నోట్లో కొంగు కుక్కుకున్నాను.

నువ్వేమో తొందరపెడుతున్నావు. నాకు లెక్కలు రావు. కానీ నా దగ్గర ఈగలున్నాయి. వాటికన్నా బాగా ఆరు మూలలు కట్టేవాళ్ళు ఎవరున్నారు అనుకున్నాను. తేనె తీసేసిన పాత పట్టు ఒకటి చట్రంతో సహా బల్ల మీద పెట్టి, పైన పల్చటి కాగితం వేసి, కనబడిన ప్రతి గదీ గీశాను. ఐదు మూలలది కనబడితే ఐదే గీశాను, ఏడు కనబడితే ఏడే. ఈగలు కట్టిన దాన్ని దిద్దడానికి నేనెవర్ని? అదే ఆయన బొమ్మ అని పంపాను.

నా పట్టు బల్లపరుపుగా ఉంటుంది, నీ కప్పు గుండ్రంగా ఉంటుంది. అంత చిన్న సంగతి నా మట్టిబుర్రకి తట్టలేదు. నీ పని చెడితే అది నా పాపమే. తిట్టు, పడతాను. కానీ పని వదిలి మాత్రం రాకు. నువ్వు వస్తే నేను చెప్పేశానని ఆయనకి తెలిసిపోతుంది. ఆయన తెలివిగా ఉన్న పూటల్లో నన్ను నమ్ముతున్నారు, ఆ నమ్మకం ఒక్కటే మాకిప్పుడు ఆసరా.

వదిన


పరంజా కింద

వదినా,

నిన్ను తిట్టడానికి నోరు రావడం లేదు. సిమెంటు బస్తా మీద కూర్చుని ఏడ్చాను. పలక వేలి మీద పడిందేమోననుకుని మేస్త్రీ మందు తెచ్చాడు. రాయించుకున్నాను.

ఇప్పుడు నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. వదిలేసి వస్తే ఈ పని ఇంకొకరికి పోతుంది, చెడగొట్టానన్న అప్రతిష్ఠ నాతో ఉంటుంది. వస్తే అన్నయ్య మనసు విరుగుతుంది. రాకపోతే, నేను వచ్చేసరికి వాడు నన్ను ఎరగకపోతే? పరంజా ఎక్కుతాను, దిగుతాను. పలక తీస్తాను, పెట్టేస్తాను. కూలీలు నా మొహం చూసి పక్కకి తప్పుకుంటున్నారు.

నిజం రాయి. నా పేరెత్తితే ఏమంటాడు? నా ఫొటో చూపిస్తే గుర్తుపడతాడా? నా మనసు కష్టపెట్టకూడదని తీపి పూసి రాయకు. తేనె నీ దగ్గర చాలానే ఉందని తెలుసు.

ఈ ఉత్తరంతో చిన్న డబ్బా పంపుతున్నాను. కమిటీకి చూపించడానికి చేసిన నమూనా పలకలు, చొక్కా గుండీ అంత ఉంటాయి. ఆరు మూలలవే. వాడి చేతికి ఇవ్వు. లెక్క చెయ్యమనకు, ఏమీ అడగకు. చిన్నప్పుడు ఎండిన చెరువు మట్టి బీటలు చూపించి, తూనీగ రెక్క అద్దంతో చూపించి, "ఎన్ని మూలలో లెక్కపెట్టవే" అని ప్రాణం తీసేవాడు. నేను విసుక్కుని పారిపోయేదాన్ని. ఇప్పుడు వాడికి ఆడుకోవడానికి ఏదో ఒకటి నా చేత్తో పంపాలని ఉంది, అంతే.

నీ కందిరీగ


తోట వైపు గది,
ఎండ కాసిన రోజు

కందిరీగా,

నిజమే రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. నీ పేరెత్తితే నవ్వుతారు. నీ ఫొటో చూపిస్తే "ఎవరీవిడ? పనిమంతురాల్లా ఉంది" అన్నారు. ఆయన లెక్కలో నువ్వు ఇంకా రెండు జడల పిల్లవి.

ఇక నీ డబ్బా సంగతి. మొదటి రోజు పలకలు గుప్పెట్లో పట్టుకుని గలగలలాడించారు. రెండో రోజు బల్ల మీద పేర్చారు. ఒకదాని చుట్టూ ఆరు, వాటి చుట్టూ ఇంకా. నాకు ముచ్చటేసింది. అప్పుడు నోరు ఊరుకోక "గుండ్రటి గుమ్మటం మీద ఇవి పట్టడం లేదంటండీ" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "ఎలా పడతాయి? ఎవడా తెలివితక్కువవాడు?" అన్నారు. ఆ తెలివితక్కువదాన్ని నేనేనని చెప్పలేదు.

లేచి పెరట్లోకి వెళ్ళి బట్టల బేసిను తెచ్చి బల్ల మీద బోర్లించారు. దాని మీద తడి మట్టి పూసి పలకలు అద్దడం మొదలుపెట్టారు. అన్నం కలిపి పక్కన పెడితే చూడలేదు. పీకారు, అద్దారు, నన్ను కసిరారు, చీకటి పడితే దీపం జరపమన్నారు. ఎన్నాళ్ళకి కసిరించుకున్నానో! పటకారు తెచ్చి ఒక పలక మూల పుటుక్కున విరిచినప్పుడు పాడుచేసేశారే అనుకున్నాను. దాన్ని బేసిను నడినెత్తిన పెట్టారు. చుట్టూ ఐదు పలకలు వచ్చి చక్కగా వంగి కూర్చున్నాయి. "చూశావా?" అన్నారు. అచ్చం మా పెళ్ళయిన కొత్తల్లో అన్నట్టే అన్నారు. నాకు ఏడుపాగలేదు.

"గుమ్మటం కట్టేవాళ్ళకి ఇది రాసి పంపండి" అన్నాను. "కొత్తవాళ్ళు కదా, మర్యాదగా రాయాలి" అని చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని కూర్చున్నారు. రాసింది ఆయనే. నేను ఒక్క ముక్క కూడా చెప్పలేదు, ఒక్క ముక్క కూడా దిద్దలేదు. దీనితో పెట్టాను.

వదిన


గౌరవనీయులైన గుమ్మటం పనివారికి,

నమస్కారం. నేను లెక్కల మాస్టారిని. మీకు పలకలు పట్టడం లేదని మా ఆవిడ చెప్పింది. తప్పు మీ చేతిలో లేదు, పలకల్లోనూ లేదు.

బల్ల మీద ఒక పలక పెట్టి చుట్టూ ఆరు పేర్చండి. సందు లేకుండా సరిపోతాయి. సరిపోయాయంటేనే అది బల్లపరుపు అని అర్థం. ఆరు మూలలవి ఎన్ని వేలు పేర్చినా బల్లలాగే ఉంటాయి, వంగవు. గుమ్మటం మీద మీరు కిందికి దిగేకొద్దీ, బల్ల మీద ఉన్నంత చోటు ఉండదు. అందుకే ఎక్కుతున్నాయి. వంగాలంటే ఎక్కడో ఒకచోట ఒక మూల తగ్గాలి. సగం బంతికి ఆరు చోట్ల తగ్గాలి. అంటే ఐదు మూలల పలకలు ఆరు కాల్చండి. ఒకటి నడినెత్తిన. మిగతా ఐదు దాని చుట్టూ, అంచుకి కాస్త పైన, సమానమైన ఎడంలో. మధ్యలో అంతా మీ పాత పలకలే. కొన్నిటి అంచు కొద్దిగా అరగదీయాల్సి ఉంటుంది, దానికి విసుక్కోకూడదు. ఇప్పటిదాకా పెట్టినవి మాత్రం తీసేయక తప్పదు. నడినెత్తిన మొదటి పలకే తప్పు కదా.

తాబేలు డిప్ప చూడండి, అక్కడా అన్నీ ఆరు మూలలవే ఉండవు. వంగాల్సిన వాటికి అలా కుదరదు.

ఇంకొక మనవి. మాకు ఒక చెల్లెలు ఉంది. చిన్నపిల్ల, కానీ చేతిలో పని ఉంది. గీత గీస్తే తిన్నగా వస్తుంది. కుదురు లేదు, మాటకి మాట అంటుంది, మీరు పట్టించుకోకండి. వీలైతే మీ దగ్గర పనిలో పెట్టుకోండి. మిమ్మల్ని నిరాశపరచదు, నేను పూచీ.

ఈ ఐదు మూలల సంగతి దానికి ఇంకా చెప్పలేదు. చెబితే గెంతుతుంది. ఎక్కడికో వెళ్ళింది, ఇంకా ఇంటికి రాలేదు. పొద్దుపోతోంది. మీకు ఎక్కడైనా కనిపిస్తే అన్నయ్య చూస్తున్నాడని చెప్పండి.

నమస్కారాలతో,
లెక్కల మాస్టారు


చదువుకునే హాలు,
చలిగాలి మొదలైన వారం

వదినా,

పెట్టిన పలకలన్నీ ఊడదీశాం. మొదటి నుంచి పేర్చాం. ఐదు మూలలవి ఆరు కాల్చాను. అన్నయ్య చెప్పిన చోట్ల పెట్టగానే, ఇన్నాళ్ళూ పగబట్టిన పలకలు పిల్లల్లా వచ్చి వాటంతటవే కూర్చున్నాయి.

కమిటీ పెద్దాయన కార్డులు అచ్చయిపోయాయని నెత్తి కొట్టుకున్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు. "గుమ్మటాన్ని బల్లపరుపు చేయించండి, అన్నీ ఆరు మూలలవే పెడతాను" అన్నాను. నడినెత్తి పలక అందరికీ కనబడుతోంది. మిగతా ఐదూ ఎక్కడున్నాయో వెతికి వెతికి ఆయన మెడ పట్టేసింది. ఆఖరికి కార్డు మీద ఆ ముక్క సిరాతో కొట్టేయించాడు.

అడుగు వరసలు మేస్త్రీలు చూసుకుంటారు. నేను వస్తున్నాను. నువ్వు చెప్పేశావని అన్నయ్యకి తెలుస్తుందని భయపడకు. నేను ఏమీ తెలియనిదానిలాగే వస్తాను. ఈ రెండో కాగితం ముందుగా వాడికి ఇవ్వు.

నీ ఆడపడుచు


గౌరవనీయులైన లెక్కల మాస్టారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. మీరు రాసినట్టే చేశాం. గుమ్మటం కుదిరింది. ఇక్కడ అందరూ తలెత్తి చూసి మీ గురించి అడుగుతున్నారు.

మీ చెల్లెల్ని పనిలో పెట్టుకున్నాం. మీరన్నట్టే కుదురు లేదు, మాటకి మాట అంటుంది. నడినెత్తి పలక మాత్రం తన చేత్తోనే పెట్టింది. గీత తిన్నగానే వచ్చింది.

మీరు చూస్తున్నారని చెప్పాం. ఆలస్యం చేసినందుకు చాలా బాధపడింది. రేపు సాయంత్రానికి ఇంటికి వస్తుంది. చూడగానే మీరు గుర్తుపట్టకపోవచ్చు, ఎండల్లో పనిచేసి కాస్త మారింది.

ఐదు మూలల సంగతి మేము దానికి చెప్పలేదు. దానికి ఏమీ తెలియదు. మీరే మొదటి నుంచి చెప్పండి. ఈసారి పారిపోదు, ఎన్నిసార్లు చెప్పినా వింటుంది.

ఇట్లు,
గుమ్మటం పనివారు